డబుల్ బెడ్రూం ఇల్లు కిరాయికి ఇచ్చాం, నోటీసు అంటించారు... ఇల్లు పోతుందా?

ప్రశ్న: లాయర్ గారికి నమస్కారం. నేను బోరబండలో నాలుగిళ్లలో వంట చేస్తాను. మా ఆయన ఆటో నడుపుతారు. 2023లో ప్రభుత్వ లాటరీలో డబుల్ బెడ్రూం ఇల్లు వచ్చింది. పట్టా నా పేరు మీదే ఉంది. ఇల్లేమో అవుటర్ రింగ్ రోడ్డు దగ్గర. అక్కడి నుంచి పనికి రావాలంటే రెండు బస్సులు మారాలి. పిల్లల బడి ఇక్కడే. తాళం వేసి ఉంచితే దొంగలు పడతారని పోయిన ఉగాదికి మా ఆయన మేనత్త కొడుకు కుటుంబాన్ని అందులో ఉంచాం. నెలకు 3,500 కిరాయి ఇస్తున్నారు. వినాయక చవితి తర్వాత మా ఆయనకు యాక్సిడెంట్ అయి కాలు విరిగింది. రాడ్ వేశారు. చాలా అప్పయింది. పోయిన నెల 9న ఆ ఇంటి తలుపుకు నోటీసు అంటించారు. మేం అక్కడ నివాసం ఉండటం లేదనీ, కేటాయింపు ఎందుకు రద్దు చేయకూడదో 7 రోజుల్లో చెప్పాలనీ ఉంది. పక్కింటామె వాట్సాప్‌లో ఫొటో పంపింది. టెన్షన్‌లో ఏం చేయాలో తెలియక ఊరుకున్నాం. ఇప్పుడు కాలనీలో ఒకాయన ‘పోయే ఇల్లే కదా, నోటరీ మీద అమ్మేసి ఏడు లక్షలు తీసుకోండి’ అంటున్నాడు. లేదంటే వాళ్లు కాపలాకు ఉంటున్నట్టు పాత తేదీతో కాగితం రాయిస్తానంటున్నాడు. ఇల్లు ప్రాథమిక హక్కు అని యూట్యూబ్‌లో చూశాను. పట్టా ఉండగా తీసుకోగలరా? ఇంత కష్టంలో ఉన్నవాళ్ల ఇల్లు లాక్కోవడం న్యాయమేనా? కోర్టులో స్టే వస్తుందా? – ఒక సోదరి, హైదరాబాద్

జవాబు: అమ్మా, మీరు పంపిన అసలు ఉత్తరం నాలుగు పేజీలు. ఇక్కడ కుదించి వేశాం. అందులో మీ ఆయన కాలు గురించి రెండున్నర పేజీలుంటే, నోటీసు గురించి మూడు వాక్యాలున్నాయి. నాకు పనికొచ్చింది ఆ మూడు వాక్యాలే.

ముందు మీ తేదీలు మీరే ఒకసారి చూసుకోండి. కిరాయికి ఇచ్చింది ఉగాదికి. యాక్సిడెంట్ అయింది వినాయక చవితి తర్వాత. మధ్యలో ఐదు నెలలున్నాయి. ‘మా ఆయన మంచాన పడ్డారు కాబట్టి ఇల్లు కిరాయికి ఇచ్చాం’ అని రేపు అధికారి ముందు చెబితే, ఆయన అడిగే మొదటి ప్రశ్నకే మీ మాట తేలిపోతుంది. ఒక అబద్ధం దొరికిందంటే మీరు చెప్పిన నాలుగు నిజాలూ దానితోపాటే కొట్టుకుపోతాయి. మీ అసలు కారణం పని దూరం కావడం, పిల్లల బడి. అది దాచాల్సినంత సిగ్గుపడే విషయం కాదు. సికింద్రాబాద్ ఐడీహెచ్ కాలనీలో 2015లో కట్టిన 396 ఇళ్లు ఊరి నడుమన, పాత క్వార్టర్ల చోటే లేచాయి. ఆ తర్వాత నగర శివారు కొల్లూరులో ఒక్కచోటే 15,660 ఇళ్లు కట్టారు. అక్కడికి వెళ్లినవాళ్లలో చాలామంది పొట్ట నింపే పని మాత్రం ఊరి నడుమనే ఉండిపోయింది. ఇల్లు కట్టినవాళ్లు బస్సు సంగతి ఆలోచించలేదని నేనూ అంటాను. అయితే అది అసెంబ్లీలో నిలదీయాల్సిన మాట. నోటీసుకు జవాబుగా పనికిరాదు.

మీ కేసు తేలేది ఒక్క మాట మీద: ఆ ఇంట్లో ఎవరు ఉంటున్నారు? పట్టా ఎవరి పేరు మీద ఉందన్నది ఇక్కడ తగాదాయే కాదు. అది మీ పేరు మీదే ఉందని ప్రభుత్వం కూడా ఒప్పుకుంటుంది. మీరు 560 చదరపు అడుగుల ఇల్లు మార్కెట్లో కొనుక్కోలేదు. ఇల్లు లేని పేద కుటుంబం ఉండటానికని షరతులతో ఉచితంగా ఇచ్చారు. అమ్మకూడదు, కిరాయికి ఇవ్వకూడదు, మీరే ఉండాలి. ఈ షరతులు పట్టాలోనో కేటాయింపు పత్రంలోనో ఉంటాయి. దాన్ని ఫొటోకు ఫ్రేము కట్టించినట్టు దాచుకోవడం కాదు, తీసి చదవండి. చదివితే మీ మొదటి ప్రశ్నకు జవాబు దొరుకుతుంది. షరతు తప్పితే రద్దు చేసే అధికారం వాళ్లకు ఉంది. పట్టా దాన్ని ఆపదు.

యూట్యూబ్ సంగతి. సుప్రీంకోర్టు 1985లో ఓల్గా టెల్లిస్ కేసులో బతుకుతెరువు హక్కు జీవించే హక్కులో భాగమేనని చెప్పింది, నిజమే. వీడియోలో చెప్పనిది ఇంకొకటుంది. ఆ బొంబాయి ఫుట్‌పాత్ నివాసులను ఖాళీ చేయించవద్దని ఆ తీర్పు అనలేదు. వానాకాలం పోయేదాకా, అక్టోబరు 31 వరకు ఆగమంది. ఆ తీర్పులో మీకు అక్కరకొచ్చే ముక్క ఒకటుంది: ఖాళీ చేయించే ముందు నోటీసిచ్చి, వాళ్ల మాట వినాలి. మీకు నోటీసు ఇచ్చారు. మీ మాట చెప్పుకోవాల్సిన మీరే ఊరుకున్నారు.

ఇక్కడ మందలించక తప్పదు. ఏడు రోజుల గడువున్న కాగితం ఫొటో ఫోన్లో పెట్టుకుని నెల రోజులు కూర్చోవడమేంటమ్మా? ‘చేతికి ఇవ్వలేదు, తలుపుకు అంటించారు కాబట్టి చెల్లదు’ అనే వాదన మీకు ఎవరో ఒకరు నేర్పుతారు. అది ఎత్తకండి. వాట్సాప్‌లో ఫొటో వచ్చిన తేదీ మీ ఫోన్లోనే ఉంది. మీకు తెలిసిందని మీరే నాకు రాశారు కూడా. పైగా ఆ ఇంటి తలుపుకు అంటిస్తే మీకు చేరలేదని వాదించడమంటే, మీరు ఆ ఇంట్లో ఉండటం లేదని మీ నోటితోనే ఒప్పుకోవడం.

సాక్ష్యం విషయానికి వద్దాం. కరెంటు బిల్లు నా పేరు మీదే వస్తోంది, అది చూపిస్తానని రాశారు. అది మీకు ఏమీ చేయదు. యూనిట్లు కాలాయంటే ఎవరో ఉంటున్నారని అర్థం, ఎవరో మీటరు చెప్పదు. రేషన్ షాపు చెబుతుంది. తెలంగాణలో ఏ షాపులోనైనా బియ్యం తీసుకోవచ్చు గనక, ప్రతి నెలా మీరు ఎక్కడ వేలిముద్ర వేశారో ఈ-పాస్ మిషన్లో ఉంటుంది. మీది బోరబండ షాపే అయి ఉంటుంది. గ్యాస్ బండ ఏ చిరునామాకు వస్తోంది, పిల్లల బడి రికార్డులో ఏ ఇల్లు రాసి ఉంది, ఇవీ చూస్తారు. అన్నిటికంటే పెద్ద సాక్షి మీ ఫోన్‌పే. కిరాయి డబ్బు ప్రతి నెలా అందులోనే పడిందని ఉత్తరం రెండో పేజీలో మీరే రాశారు. కిరాయే తీసుకోలేదని రాసిస్తే, అది అబద్ధమని తేల్చే చిట్టా బ్యాంకు దగ్గర తేదీలతో సహా ఉంటుంది.

కాలనీలో సలహాలిచ్చే ఆ పెద్దమనిషి జోలికి మాత్రం అసలు పోకండి. నోటరీ మీద అమ్మకం అంటే ఏమిటో తెలుసా? నోటరీ చేసేది ఆ సంతకం పెట్టింది మీరేనని ధ్రువీకరించడం, అంతవరకే. రిజిస్టరు కాని కాగితంతో స్థిరాస్తి చేతులు మారదు. సుప్రీంకోర్టు 2011లో సూరజ్ ల్యాంప్ కేసులో జీపీఏలతో (జనరల్ పవర్ ఆఫ్ అటార్నీలతో), అగ్రిమెంట్లతో జరిపే అమ్మకాలకు యాజమాన్యం రాదని స్పష్టంగా చెప్పింది. మీది అమ్మకూడని ఇల్లు, ఇంకా అధ్వాన్నం. ఏడు లక్షలు ఇచ్చినవాడి చేతికి ఇల్లు రాదు. ఇల్లు పోయిన మర్నాడే అతను మీ గుమ్మంలో ఉంటాడు, మోసం చేశారని పోలీసు కేసు పెడతాడు. అప్పటికి ఆ డబ్బు ఆసుపత్రి అప్పుకు పోయి ఉంటుంది. మధ్యవర్తి కమీషన్ మాత్రం ఎవరూ తిరిగి అడగరు. నోటీసులో ఇప్పుడున్నది ‘నివాసం లేరు’ అన్న ఒక్క ఆరోపణే. దానికి జవాబుంది. ‘అమ్మేశారు’ అన్న ఆరోపణ చేరితే జవాబుండదు.

పాత తేదీ కాగితం అంతకంటే ప్రమాదం. స్టాంపు పేపరు మీద నంబరు, అమ్మిన తేదీ, కొన్నవారి పేరు ఉంటాయి. స్టాంపు వెండర్ రిజిస్టర్లోనూ ఉంటాయి. తెల్లకాగితం మీద రాశామంటే, సాక్షులుగా సంతకం పెట్టినవాళ్లను విడివిడిగా కూర్చోబెట్టి అడిగితే చాలు. మోసం చేయాలని వెనకటి తేదీ వేయడం కూడా ఫోర్జరీ కిందకు రావచ్చు. 2024 జూలై 1 నుంచి ఐపీసీ పోయి భారతీయ న్యాయ సంహిత వచ్చింది, ఆ నేరం మాత్రం ఎక్కడికీ పోలేదు. ఇప్పుడు మీకున్నది ఇంటి సమస్య ఒక్కటే. దాన్ని క్రిమినల్ కేసుగా మార్చుకోకండి.

ఇప్పుడు చేయాల్సింది. మీ ఉత్తరాన్ని బట్టి రద్దు ఉత్తర్వు ఇంకా రాలేదు. అది వచ్చేవరకు ఆలస్యంగా ఇచ్చిన జవాబుకైనా విలువుంది. ఈరోజే రాయండి, తెల్లకాగితం మీద తెలుగులో రాసినా సరిపోతుంది. నోటీసు నంబరు, తేదీ వేయండి. నోటీసు సంగతి ఫలానా రోజు తెలిసిందనీ, ఆలస్యానికి క్షమించమనీ రాయండి. పని, బడి దూరమై అక్కడ ఉండలేకపోయామనీ, ఉగాది నుంచి బంధువులను ఉంచి నెలకు 3,500 తీసుకున్నామనీ ఒప్పుకోండి. ఇల్లు అమ్మలేదని స్పష్టంగా రాయండి. మీ ఆయన యాక్సిడెంట్ సంగతి ఇక్కడ చెప్పండి, దాని అసలు చోట: నోటీసుకు వెంటనే జవాబు ఇవ్వలేకపోవడానికీ, అక్కడికి మారడం ఆలస్యమవడానికీ. డిశ్చార్జి సమ్మరీ జిరాక్సు జతచేయండి. ఆ ఒక్క కాగితం మీ రెండున్నర పేజీల పని చేస్తుంది. చివర, ఫలానా తేదీ నుంచి కుటుంబమంతా అక్కడ ఉంటామని హామీ ఇవ్వండి. ఉండగలిగితేనే ఇవ్వండి. ఉండటం కుదరకపోతే, దగ్గర్లో వేరే ఇల్లు కేటాయించమని అదే అర్జీలో అడగవచ్చు. కానీ అది హక్కుగా వచ్చేది కాదు.

నోటీసు ఇచ్చిన ఆఫీసుకు రెండు కాపీలు తీసుకెళ్లి ఒకటి ఇచ్చి, రెండో దాని మీద ఆఫీసు ముద్ర, తేదీ వేయించుకోండి. ముద్ర వేయకపోతే అక్కడి నుంచి నేరుగా పోస్టాఫీసుకు వెళ్లి స్పీడ్ పోస్టులో రిజిస్ట్రేషన్‌తో పంపి, రసీదు దాచండి. ‘తీసుకున్నాంలే అమ్మా, వెళ్లు’ అన్న నోటిమాటకు కోర్టులో విలువ లేదు.

మేనత్త కొడుకును ఖాళీ చేయించాలి. బంధువే కదా, మంచిగా చెప్పండి. కరెంటు పీకడం, సామాను బయట పడేయడం చేయకండి. చట్టప్రకారం కాకుండా వెళ్లగొడితే, ఆరు నెలల్లోపు దావా వేసి తిరిగి స్వాధీనం అడిగే హక్కు స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం ఆరో సెక్షన్ అతనికి ఇస్తుంది. ఖాళీ చేసిన రోజు ‘తాళం ఇచ్చేశాను, నాకు ఏ హక్కూ లేదు’ అని సంతకం తీసుకోండి, ఆ రోజు తేదీతోనే. కిరాయి తీసుకోవడం ఈ నెల నుంచే ఆపేయండి. మీరు చేరాక రేషన్ అక్కడి షాపులోనే తీసుకోండి, గ్యాస్ చిరునామా, ఆధార్ మార్పించండి. మళ్లీ తనిఖీకి వచ్చేసరికి ఇంట్లో మీ బట్టలు, మీ గిన్నెలు, మీ పిల్లల పుస్తకాలు కనబడాలి.

స్టే గురించి అడిగారు. షోకాజ్ నోటీసు (కారణం చెప్పమనే నోటీసు) దశలో హైకోర్టు సాధారణంగా జోక్యం చేసుకోదు, ముందు జవాబిచ్చుకోమంటుంది. సివిల్ కోర్టులో ప్రభుత్వం మీద దావా వేయాలంటే మామూలుగా రెండు నెలల ముందస్తు నోటీసు ఇవ్వాలి, ఆ దారి మీకు ఆలస్యం. మీ జవాబును పట్టించుకోకుండా రద్దు చేస్తేనో, కారణాలు రాయకుండా రద్దు చేస్తేనో, అప్పుడు రాజ్యాంగం 226 అధికరణం కింద హైకోర్టులో రిట్ పిటిషన్ వేయవచ్చు. రిట్‌కు ఇన్ని రోజులని గడువు లేదు కదా అని మళ్లీ ఊరుకోకండి. ఆలస్యం చేసినవాళ్లను కోర్టు ఆ కారణంతోనే పంపించేయవచ్చు. ఈలోగా ఇల్లు వేరేవాళ్లకు కేటాయిస్తే మీ పని రెట్టింపు కష్టం. గెలిచినా చాలాసార్లు జరిగేది, మళ్లీ విచారించమని కేసును అదే అధికారికి తిప్పి పంపడమే. అప్పుడు చూసేది ఇప్పుడు మీరిచ్చే జవాబునే. అందుకే అందులో ఒక్క అబద్ధమూ ఉండకూడదని ఇంతగా చెబుతున్నాను.

ఉత్తర్వు వచ్చిందో లేదో తెలియకపోతే సమాచార హక్కు చట్టం కింద మీ ఫైలు కాపీలు అడగండి. 30 రోజుల్లో ఇవ్వాలి. దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నవారికి ఫీజు లేదు, రేషన్ కార్డు జిరాక్సు పెట్టండి. లాయరు ఫీజుకు అప్పు చేయకండి. 1987 నాటి న్యాయసేవల చట్టం కింద మహిళలకు ఆదాయంతో పనిలేకుండా ఉచిత న్యాయ సహాయం అందుతుంది. జిల్లా కోర్టు ఆవరణలో న్యాయసేవాధికార సంస్థ ఉంటుంది. పట్టా, నోటీసు ఫొటో ప్రింటు, మీ జవాబు కాపీ, ముద్ర లేదా పోస్టు రసీదు, ఈ నాలుగూ పట్టుకుని వెళ్లండి.