అన్నీ ఫోన్లోనే దొరుకుతుంటే లైబ్రరీ సైన్స్ ఎందుకు?

ప్రశ్న: మా అమ్మాయి డిగ్రీ చివరి సంవత్సరం చదువుతోంది. లైబ్రరీ సైన్స్‌లో పీజీ చేస్తానని పట్టుబట్టింది. అన్నీ ఫోన్లో దొరుకుతుంటే లైబ్రరీకి ఎవరొస్తారు? ఏఐ వచ్చాక ఈ ఉద్యోగాలు మిగులుతాయా? డేటా సైన్స్‌లో చేరమని మేం పోరుతున్నాం. రెండింటినీ పోల్చి చెప్పగలరు. – ఒక తండ్రి

జవాబు: ఇలాంటి ప్రశ్న నాకు తరచూ వస్తుంటుంది. కోర్సు పేరు మారుతుంది గానీ లోపలి భయం మాత్రం అదే. నలుగురూ అడిగితే మా పిల్ల ఏం చదువుతోందని చెప్పుకోవాలి? మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. అమ్మాయికి ఆ సబ్జెక్టు ఎందుకు నచ్చిందో ఒక్క ముక్క కూడా లేదు. అసలు అడిగారా? అడక్కుండానే వద్దనేశారని నాకనిపిస్తోంది. మనసు నొచ్చుకున్నా ఈ మాట ముందే చెప్పాలి. అర్హతలు, ఎంట్రన్సుల సంగతి ప్రాస్పెక్టస్‌లో ఉంటుంది, దాని జోలికి పోను.

లైబ్రరీ అనగానే మీకు బీరువాలు, రిజిస్టరు, స్టాంపు గుర్తొస్తున్నట్టున్నాయి. కానీ లైబ్రరీలకు కంప్యూటర్ కొత్తేం కాదు. పుస్తకాల వివరాలను కంప్యూటర్ చదవగలిగేలా రాసే ‘మార్క్’ పద్ధతిని 1960లలోనే అమెరికాలోని లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌లో హెన్రియెట్ ఎవ్రమ్ అనే ప్రోగ్రామర్ నాయకత్వంలో తయారుచేశారు. ఎన్నో క్యాటలాగులు నేటికీ దానిమీదే నడుస్తున్నాయి. 2000లో న్యూజిలాండ్‌లోని ఒక చిన్న లైబ్రరీ వ్యవస్థలో మొదలైన ‘కోహా’ అనే, లైబ్రరీ పనులన్నీ నడిపే ఉచిత సాఫ్ట్‌వేర్‌ను ఇప్పుడు దేశదేశాల్లో వాడుతున్నారు.

ఈసారి లైబ్రరీకి వెళ్తే పుస్తకం వెనక అట్ట లోపల చూడండి. చాలాచోట్ల పల్చటి స్టిక్కర్ ఒకటి ఉంటుంది. అది ఆర్‌ఎఫ్‌ఐడీ ట్యాగ్, అంటే రేడియో తరంగాలతో పుస్తకాన్ని గుర్తుపట్టే చీటీ. నాలుగైదు పుస్తకాలు ఒకదాని మీద ఒకటి పెట్టి మెషిన్ మీద ఉంచితే అన్నీ ఒకేసారి మీ ఖాతాలో నమోదవుతాయి. సిబ్బంది చిన్న రీడర్ పట్టుకుని అరల వెంట నడుస్తుంటే, తప్పు చోట పెట్టిన పుస్తకం ఎక్కడుందో తెలిసిపోతుంది. దీంతో కౌంటర్లో స్టాంపు వేసే పని తగ్గిపోయింది. మీ అమ్మాయి ఆ పని కోసమే చదువుతానంటే నేనూ వద్దనేవాణ్ణి.

మిగిలిన పని వేరే. పాఠకుడు ‘గుండెపోటు’ అని టైప్ చేస్తాడు. అతనికి కావలసిన పుస్తకం పేరులో ‘మయోకార్డియల్ ఇన్‌ఫార్క్షన్’ అని ఉంటుంది. ఈ రెండూ ఒకటేనని క్యాటలాగ్‌కు ముందే నేర్పిపెట్టిన మనిషి ఒకరున్నారు కాబట్టే ఆ పుస్తకం అతని చేతికొస్తుంది. ఒకే రచయిత పేరు నాలుగు రకాల స్పెల్లింగులతో ఉన్నా అన్ని రచనలూ ఒక్కచోట కనిపిస్తున్నాయంటే అదీ ఇలాంటి పనే. చూపు లేనివాళ్ల కోసం డైసీ పద్ధతిలో ఆడియో పుస్తకాలు ఉన్నాయి. వింటూనే కావలసిన అధ్యాయానికి, పేజీకి నేరుగా వెళ్లొచ్చు. వాటిని పాఠకుడికి అందించేదీ లైబ్రరీలే. చదివేవాడి సమయం కాపాడాలని మన దేశంలో లైబ్రరీ సైన్స్‌కు పితామహుడైన ఎస్.ఆర్. రంగనాథన్ 1931లోనే సూత్రంగా చెప్పారు. ఈ పరికరాలన్నీ ఆ పని మీదే ఉన్నాయి.

2023 అక్టోబరులో బ్రిటిష్ లైబ్రరీ మీద సైబర్ దాడి జరిగింది. పుస్తకాలు ఎక్కడివక్కడే ఉన్నాయి. ఆన్‌లైన్ క్యాటలాగ్ మాత్రం మరుసటి జనవరి దాకా తిరిగి రాలేదు, పరిశోధకులు నానా అవస్థలూ పడ్డారు. టెక్నాలజీ పెరిగేకొద్దీ దాన్ని అర్థం చేసుకున్న లైబ్రేరియన్ అవసరమూ పెరుగుతుంది.

ఇక ఏఐ. విద్యార్థి చాట్‌బాట్ ఇచ్చిన రిఫరెన్సుల లిస్టు పట్టుకొస్తాడు. రచయిత పేరు, జర్నల్ పేరు, పేజీ నంబర్లు అన్నీ పక్కాగా ఉంటాయి. తీరా వెతికితే అందులో కొన్ని వ్యాసాలు అసలు లేనే లేవు. ఏది ఉంది, ఏది లేదు, ఉన్నదాంట్లో ఏది నమ్మొచ్చు అని తేల్చిచెప్పేవాళ్లు ఇప్పుడు ఇంకా ఎక్కువ కావాలి.

డేటా సైన్స్ గురించి నా అనుమానాలు దాచుకోను. అది మంచి సబ్జెక్టే, లెక్కలంటే ప్రాణం పెట్టేవాళ్లకు. స్టాటిస్టిక్స్, లీనియర్ ఆల్జీబ్రా అడుగు నుంచి పట్టు ఉండాలి. కొన్ని నెలల్లో డేటా సైంటిస్టును చేస్తామనే ప్రకటనలు చూస్తే నాకు భయమేస్తుంది. వాటిలో పిల్లలు ముందే శుభ్రం చేసి ఇచ్చిన డేటా మీద, అందరూ చేసే ప్రాజెక్టే చేసి సర్టిఫికెట్ తెచ్చుకుంటారు. ఇంటర్వ్యూలో చిందరవందరగా ఉన్న అసలు డేటా ముందు పెడితే చేతులెత్తేస్తారు. ఇంకో మాట. ఏఐ లైబ్రేరియన్ పని తినేస్తుందని భయపడుతున్నారు కదా, కొత్తగా చేరినవాళ్లకిచ్చే చిన్నచిన్న కోడింగ్ పనులను కూడా అదే ఏఐ చేసేస్తోంది. ఆ భయం ఒక్క కోర్సుకే ఎందుకు పెట్టుకున్నారు? పక్కింటివాళ్ల అబ్బాయి చేరాడని మీ అమ్మాయిని అందులోకి నెట్టకండి. ఇష్టం లేని చదువులో రెండేళ్లు టెన్షన్ పడేది తనే, మీరు కాదు.

లైబ్రరీ సైన్స్‌లోనూ అంతా పూలబాట కాదు. పర్మినెంట్ పోస్టులు ఎప్పుడూ తక్కువే. చిన్న లైబ్రరీలో అన్నీ ఒక్కరే చేసుకోవాలి. అయితే సమాచారాన్ని పద్ధతిగా అమర్చడం వచ్చినవాళ్లకు ఆర్కైవులు, ప్రచురణ సంస్థలు, ఆసుపత్రులు, న్యాయ సంస్థలు, పరిశోధన కేంద్రాల్లోనూ పని ఉంటుంది. కష్టపడే పిల్ల అయితే ఖాళీగా కూర్చోదు, ధైర్యంగా ఉండండి.

కాలేజీ ఎంచుకునేటప్పుడు సిలబస్ తెప్పించి చూడండి. కోహా, డిజిటల్ పత్రాలను భద్రపరిచే డీస్పేస్ లాంటి సాఫ్ట్‌వేర్లు విద్యార్థుల చేత ఇన్‌స్టాల్ చేయించి నేర్పుతున్నారా, లేక నోట్సు చెప్పి వదిలేస్తున్నారా? మెటాడేటా (పుస్తకం గురించిన వివరాలు రాసే పద్ధతి), డేటాబేస్ పేపర్లు ఉన్నాయా? సీనియర్లను అడిగితే నిజం తెలుస్తుంది. ప్రోగ్రామింగ్ లేకపోతే పైథాన్ సొంతంగా మొదలుపెట్టమనండి. సెలవుల్లో ఏదైనా లైబ్రరీలో కొన్నాళ్లు వాలంటీరుగా పనిచేయనివ్వండి. వీలైతే మీరూ ఒక పూట వెళ్లి రిఫరెన్స్ డెస్కు దగ్గర కూర్చుని ఎవరెవరు ఏమేం అడుగుతున్నారో వినండి. ఆ తర్వాత కూడా సందేహాలుంటే రాయండి. ఉత్తరం మాత్రం ఈసారి అమ్మాయిని రాయనివ్వండి.