ఎముకని అమర్చింది ఎవరు?

అమ్మాయ్,

నీ అనువాద కథ అందింది. రెండుసార్లు చదివాను, మొదటిసారి కథ కోసం, రెండోసారి పెన్సిల్ చేత్తో పట్టుకుని. 'అమర్చు' అన్న మాట పదకొండు చోట్ల తగిలింది. ఉచ్చు అమర్చాడు, అలారం అమర్చింది, ధర అమర్చారు, ఉంగరంలో రాయి అమర్చబడింది. ఆ పదకొండు చోట్లా ఇంగ్లీషులో ఉన్నది 'సెట్' అని మూలం చూడకుండానే చెప్పగలను. సిగ్గుపడకు. ఈ పని మొదలుపెట్టిన కొత్తలో నేను ఇంతకన్నా ఘనకార్యం చేశాను. విరిగిన ఎముక సరిగ్గా అతుక్కోలేదు అనాల్సిన చోట 'ఎముక చెడుగా అమర్చబడింది' అని రాసి ఒక పత్రికకు పంపాను. కథ తిరిగొచ్చింది. ఆ వాక్యం పక్కన ఎర్ర సిరాతో ఇలా ఉంది: 'ఎవరు అమర్చారు? వడ్రంగా?'

ఆ ఉక్రోషంతోనే 'సెట్' అన్న మాట వెంటపడ్డాను. 1989లో వచ్చిన ఆక్స్‌ఫర్డ్ పెద్ద నిఘంటువు రెండో కూర్పులో అన్నిటికన్నా పొడవైన పద్దు దానిదే. సుమారు 430 అర్థాలు, 60 వేల మాటల వివరణ. ఒక చిన్న నవలంత! ఆ తర్వాత 'రన్' దాన్ని దాటిపోయింది. క్రియగా దానికి 645 అర్థాలు తేలాయి, ఆ ఒక్క మాట మీదే ఒక సంపాదకుడు దాదాపు తొమ్మిది నెలలు కూర్చున్నాడు. దాటిపోదూ మరి! రైలు, ఇంజను, ఫ్యాక్టరీ, కంప్యూటర్ ప్రోగ్రామ్, ఇలా మనిషి కనిపెట్టిన ప్రతి యంత్రమూ ఇంగ్లీషులో 'రన్' అవుతుంది. 'సెట్' పాపం పాతకాలపు మాట.

దాని పుట్టుక తెలిశాక నా భయం సగం పోయింది. 'సిట్' అంటే కూర్చోవడం కదా, 'సెట్' అంటే మొదట్లో కూర్చోబెట్టడం. ఇంగ్లీషులో రైజ్–రేజ్, లై–లే కూడా ఇలాంటి జంటలే. మనకిదేం కొత్త కాదు: మునుగు–ముంచు, పెరుగు–పెంచు, లేచు–లేపు. ఇప్పుడు ఆ అర్థాలన్నిటినీ ఇంకోసారి చూడు. ఉంగరంలో రాయిని కూర్చోబెడతారు. పక్కకు జరిగిన ఎముకని దాని చోట కూర్చోబెడతారు. అచ్చు పనిలో అక్షరాలని వరసలో కూర్చోబెడతారు. సాయంత్రానికి సూర్యుడు దిగొచ్చి తనే కూర్చుంటాడు. ఇక గుంపు అనే అర్థంలో వచ్చే 'సెట్' వేరే కాపురం నుంచి వచ్చింది. అది ఫ్రెంచి మీదుగా వచ్చిన లాటిన్ మాట, 'సెక్ట్'కి చుట్టం. పోనుపోను రెండూ కలిసిపోయి ఒకే ఇంటివాళ్లలా కనిపిస్తాయి.

అయితే ఇంగ్లీషువాడు అన్నిటినీ ఒకే క్రియతో కూర్చోబెట్టాడని మనమూ అలా చేస్తే తెలుగు చచ్చిపోతుంది. మనకి ఒక్కో వస్తువుకీ ఒక్కో క్రియ ఉంది. ఉచ్చు పన్నుతాం. రాయి పొదుగుతాం. పాటకి బాణీ కడతాం, సరుకుకి ధర కడతాం. అలారం పెడతాం, నిప్పు కూడా పెడతాం. సిమెంటు బిగుసుకుంటుంది. పొద్దు వాలుతుంది, గుంకుతుంది. వాన 'సెట్ ఇన్' అయితే ముసురు పడుతుంది. అందుకే క్రియ దగ్గర ఆగి నిఘంటువు తిరగెయ్యకు. ముందు పక్కనున్న నామవాచకాన్ని పట్టుకో. దాంతో మన ఇళ్లలో ఏ క్రియ వాడతారో చెవితో విను. వినపడకపోతే వాక్యం మొత్తం తిప్పి రాయి. 'ఇల్లు రోడ్డు నుంచి వెనక్కి అమర్చబడింది' అని రాశావు చూడు, దానికసలు క్రియే అక్కర్లేదు: 'ఇల్లు రోడ్డుకి కాస్త లోపలికి.' అంతే.

ఇంకో సంగతి, నాకు భలే ఇష్టమైనది. 'సెట్' మన దగ్గరికొచ్చాక దాని పుట్టింట్లో లేని పనులు నేర్చుకుంది. 'ఆ రంగు నీకు సెట్ అయింది', 'వాళ్లిద్దరికీ సెట్ కాలేదు', 'నాకు ఆ ఉద్యోగం సెట్ కాదు' అంటున్నాం. ఇంగ్లీషువాడికి ఇవి అర్థం కావు. ఎందుకిలా అని చాలా రోజులు ఆలోచిస్తే తట్టింది: ఇది మన 'కుదురు' తొడుక్కున్న కొత్త చొక్కా. కుండ దొర్లకుండా కింద పెట్టే చుట్టని కుదురు అంటాం, అదీ కూర్చోబెట్టేదే. సంబంధం కుదురుతుంది, బేరం కుదురుతుంది, వీలు కుదరదు, మనసు కుదుటపడుతుంది. రెండు భాషలూ ఒకే చోట నుంచి బయల్దేరి ఇలా ఎదురుపడ్డాయి. కాబట్టి 'సెట్' మీద కత్తి కట్టకు. నీ కథలో ఇరవై ఏళ్ల కుర్రాడు 'సెట్ అయింది' అంటే అననీ, వాళ్ల తాతయ్య చేత మాత్రం 'కుదిరింది' అనిపించు. వయసు ఎంతో వేరే చెప్పక్కర్లేకుండా తెలిసిపోతుంది.

పది చోట్లు పెన్సిల్‌తో దిద్దాను, నచ్చకపోతే చెరిపెయ్. పదకొండోది అలాగే వదిలేశాను. ఆ ముసలాయన గురించి 'తన దారుల్లో అమర్చబడ్డ మనిషి' అని రాశావు. అలవాట్లు గట్టిపడిపోయి ఇక మారని మనిషని మూలంలో భావం. 'మొండివాడు' అంటే తిట్టయిపోతుంది. 'గానుగెద్దు'లో ఆయన మీద రచయితకున్న ప్రేమ పోతుంది. 'ఆయన తీరే అంత' అని రాసి చూశాను, మరీ తేలిపోయింది. రెండు రోజులుగా తిరుగుతూ కూడా అదే గొణుక్కుంటున్నాను. నీకేమైనా తడితే వెంటనే రాసి పంపు.

ఆశీస్సులతో,
మీ మాస్టారు