పంచ్ వేసేటప్పుడు పాదాలు ఎక్కడ ఉండాలి, ఎలా కదలాలి?

మీ ప్రశ్న సారాంశం ఇది: బాక్సింగ్ మొదలుపెట్టి కొన్ని నెలలైంది, ముందు చేత్తో తిన్నగా వేసే జాబ్ పంచ్ బాగానే కుదిరింది, కానీ వెనక ఉండే కుడిచేత్తో తిన్నగా వేసే క్రాస్ పంచ్ బలంగా వేసినప్పుడల్లా వెనక పాదం నేల విడిచి ముందుకు వచ్చేస్తోంది, ఒళ్లు తూలుతోంది, అడుగు ముందు పడాలా, పంచ్ ముందు తగలాలా, అసలు కాళ్లు ఎలా పెట్టుకోవాలి అని అడిగారు. నేను కొన్నేళ్లు అమెచ్యూర్ స్థాయిలో ఆడాను, ఆ తరువాత కొత్తగా నేర్చుకునేవారు పంచ్‌లు సాధన చేయడానికి చేతులకు ప్యాడ్లు తొడుక్కుని పడుతున్నాను, ఆ అనుభవంతోనే సమాధానం రాస్తున్నాను. మీరు ఎడమకాలు ముందుంచి ఆడే ఆర్థోడాక్స్ బాక్సర్ అనుకుని చెబుతున్నాను. కుడికాలు ముందుంచి ఆడే సౌత్‌పా అయినవారు కుడి ఎడమలను మార్చుకుని చదువుకోవాలి.

ప్యాడ్లు పట్టేటప్పుడు దెబ్బ ఎంత గట్టిగా మోగిందన్నది నేను పెద్దగా పట్టించుకోను. పంచ్ తగిలిన మరుక్షణం ఆ మనిషి కాళ్లు సర్దుకోకుండానే ఇంకో పంచ్ వేయగలడా, లేదా ఒక అడుగు వెనక్కి వేయగలడా అని చూస్తాను. సర్దుకోవలసి వచ్చిందంటే ఆ పంచ్ ఎంత బలంగా ఉన్నా సగమే పూర్తయినట్టు లెక్క. ఎందుకంటే అలా సర్దుకునే క్షణంలోనే ఎదుటివాడి దెబ్బ వస్తుంది.

ముందు స్టాన్స్, అంటే నిలబడే తీరు సంగతి చూద్దాం. పాదాల మధ్య దూరం భుజాల వెడల్పు కన్నా కాస్త ఎక్కువ ఉండాలి. నేల మీద ప్రత్యర్థి వైపుగా ఒక గీత ఉందనుకుని, దానికి ఎడమవైపున ముందు పాదం బొటనవేలు, కుడివైపున వెనక పాదం మడమ ఆ గీతను ఆనుకునేలా నిలబడితే చాలామందికి సరిపోతుంది. రెండు పాదాలూ గీత మీదికే వచ్చేస్తే పక్కనుంచి మోచేయి వంచి వేసే చిన్న హుక్‌కే ఒరిగిపోతారు. రెండూ పక్కపక్కకు వచ్చేస్తే ఎదురుగా వచ్చే మామూలు జాబ్ కూడా వెనక్కి నెట్టేస్తుంది. ముందు పాదం కొద్దిగా కుడివైపుకు, వెనక పాదం దాదాపు 45 డిగ్రీలు కుడివైపుకు తిరిగి ఉండాలి. వెనక మడమ కింద కాస్త గాలి ఆడితే చాలు, మునివేళ్ల మీద నిక్కి నిలబడనక్కరలేదు. మోకాళ్లు బిగుసుకోకూడదు. బరువు రెండు కాళ్ల మీదా ఇంచుమించు సమానంగా ఉండాలి. గడ్డం దించుకోవడం, మోచేతులు పక్కటెముకలకు దగ్గరగా ఉంచుకోవడం మీకు ఇప్పటికే నేర్పి ఉంటారు కనుక వాటి జోలికి వెళ్లను.

ఇక మీ అసలు సమస్య అయిన క్రాస్. ఇది చేతితో మొదలయ్యే పంచ్ కాదు. వెనక పాదం ముందుభాగం నేలను నొక్కుతుంది, మడమ బయటికి తిరుగుతుంది, దానితోపాటు మోకాలు లోపలికి, తరువాత తుంటి, ఆపైన భుజం తిరుగుతాయి, పిడికిలి అన్నిటికన్నా చివర బయలుదేరుతుంది. సిగరెట్ పీకను కాలికింద నలిపినట్టు పాదం తిప్పమని కోచ్‌లు చెప్పేది ఈ కదలిక గురించే. 1985లో సోవియట్ పరిశోధకులు బాక్సర్ల కుడిచేతి దెబ్బను విశ్లేషించినప్పుడు, ఆ దెబ్బ బలంలో కాళ్ల వాటా ఉన్నతస్థాయి బాక్సర్లలో సుమారు 38 శాతం, కింది స్థాయివారిలో సుమారు 17 శాతం అని తేలింది. కొత్తవారు ఎంత గట్టిగా కొట్టాలనుకుంటే అంతగా భుజాన్ని ముందుకు విసరడం నేను ప్యాడ్ల వెనక నిలబడి నిత్యం చూస్తున్నదే కనుక ఆ అంకెలు నన్ను ఆశ్చర్యపరచలేదు.

బరువు ముందుకాలి మీదికి వెళ్లడం తప్పు కాదు, వెళ్లాలి కూడా. అయితే దానికి ఒక హద్దు ఉంది: పంచ్ పూర్తిగా చాచిన స్థితిలో మీ ముక్కు ముందు మోకాలిని దాటకూడదు, వెనక పాదం వేళ్లు నేలను వదలకూడదు. మీ విషయంలో వేళ్లు వదిలేస్తున్నాయంటే నాకు తెలిసినంతలో రెండు కారణాలలో ఏదో ఒకటి ఉంటుంది. మొదటిది దూరం. లక్ష్యం చేయి అందే దూరానికి ఆవల ఉన్నప్పుడు, పాదాలతో దగ్గరికి వెళ్లవలసినదానిని నడుము వంచి భుజంతో అందుకోవాలని చూస్తాం, అప్పుడు వెనక పాదం ఈడ్చుకుంటూ రావడం మినహా దానికి వేరే దారి ఉండదు. రెండవది ముందుకాలు. చాలామంది వెనక పాదం తిప్పడం మీదే మనసు పెట్టి, ముందుకాలు చేసే పనిని మరిచిపోతారు. ముందుకు వస్తున్న బరువును ముందుకాలు గట్టిగా నిలబడి ఆపినప్పుడే ఆ వేగం తుంటి నుంచి భుజానికి, భుజం నుంచి పిడికిలికి అందుతుంది. ఆ కాలు మెత్తబడి మోకాలు ముందుకు జారిపోతే ఆపేది ఏదీ లేక మొత్తం ఒళ్లు పంచ్ వెంట వెళ్లిపోతుంది.

తిరిగి రావడం గురించి కూడా ఒక మాట చెప్పాలి, ఎందుకంటే దీన్ని నేర్పేవారు తక్కువ. చేతిని ముఖం కాచుకునే స్థితికి, అంటే గార్డ్‌కు వెనక్కి లాగడం అందరికీ గుర్తుంటుంది, కానీ తిప్పిన మడమను, తుంటిని కూడా వెనక్కి తిప్పుకోవాలన్నది గుర్తుండదు. చేయి వెనక్కి వచ్చి తుంటి అక్కడే ఉండిపోతే ఛాతీ పూర్తిగా ఎదుటివాడికి తెరుచుకుని ఉంటుంది, రెండో కుడి పంచ్‌కు బలమూ ఉండదు. తిరిగి వచ్చే తుంటితోనే ఎడమ హుక్ వేసే అలవాటు చేసుకుంటే ఈ లోపం త్వరగా పోతుందని నా అభిప్రాయం.

అడుగు ముందా, పంచ్ ముందా అన్న ప్రశ్న ప్రధానంగా జాబ్‌కు సంబంధించినది. ముందడుగుతో జాబ్ వేసేటప్పుడు వెనక పాదం నెట్టాలి, ముందు పాదం నేలకు తాకే క్షణమూ పిడికిలి తగిలే క్షణమూ ఒకటి కావాలి. 1919 నుంచి 1926 వరకు ప్రపంచ హెవీవెయిట్ ఛాంపియన్‌గా ఉన్న జాక్ డెంప్సీ నేర్పిన ఫాలింగ్ స్టెప్ ఇంకొంచెం ముందుకు వెళ్తుంది: ముందుకు ఒరుగుతున్న బరువు నేల మీదికి దిగిపోకముందే పిడికిలికి చేరాలన్నది దాని సారం. అడుగు పూర్తిగా పడిన తరువాత జాబ్ వేస్తే అది వట్టి చేతి దెబ్బే అవుతుంది, పైగా మీరు వస్తున్నారని ఎదుటివాడికి అడుగే ముందుగా చెప్పేస్తుంది. జాబ్ తగిలిన వెంటనే వెనక పాదం కూడా అంతే దూరం జరగాలి. మీరు జాబ్ తరువాత క్రాస్ వేసే వన్-టూలో తూలుతున్నట్లయితే, ఈ వెనక పాదం జరగకుండా ఉండిపోయి స్టాన్స్ మరీ సాగిపోతోందేమో గమనించండి. సాగిపోయిన స్టాన్స్ నుంచి వెనక మడమ సరిగా తిరగదు, దాంతో పాదం నేల నుంచి ఊడి ముందుకు వస్తుంది.

ఎడమ హుక్ విషయంలో కోచ్‌ల మధ్య ఏకాభిప్రాయం లేదు. ముందు పాదాన్ని పూర్తిగా తిప్పమనేవారు కొందరు, దగ్గరి దూరంలో పాదం కదపకుండా తుంటితోనే వేయమనేవారు కొందరు. నేను మాత్రం కొత్తవారికి పాదం తిప్పడమే నేర్పుతాను, ఎందుకంటే పాదం నేలకు అతుక్కుని ఉండగా తుంటి బలంగా తిరిగితే ఆ మెలిక అంతా మోకాలి మీద పడుతుంది. కింది నుంచి పైకి వేసే అప్పర్‌కట్‌కు మోకాళ్లు కాస్త వంగి లేవడం తప్ప చెప్పవలసిన ప్రత్యేక సూత్రం లేదు.

కదలికలో సూత్రం ఒకటే: ఏ దిక్కుకు వెళ్లాలో ఆ దిక్కుకు దగ్గరగా ఉన్న పాదం ముందు కదులుతుంది, రెండోది అంతే దూరం అనుసరిస్తుంది. ముందుకు, ఎడమకు వెళ్లేటప్పుడు ఎడమ పాదం; వెనక్కి, కుడికి వెళ్లేటప్పుడు కుడి పాదం. పాదాలు ఒకదానినొకటి దాటకూడదు, దగ్గరగా కలవకూడదు. కలిసిన క్షణంలో తేలికపాటి జాబ్ తగిలినా కింద పడవచ్చు, దెబ్బ తగిలి పాదాలు తప్ప శరీరంలో మరే భాగం రింగ్ నేల అయిన కాన్వాస్‌ను తాకినా అది నాక్‌డౌనే. ఇక్కడ ముహమ్మద్ అలీని చూసి చేతులు దించి గంతులు వేసేవారికి నేను ఒకటే చెబుతాను: ఆయన దూరాన్ని అంచనా వేయడంలో, వెనక్కి తప్పుకోవడంలో అసాధారణుడు, ఆ రెండూ లేకుండా ఆ స్టాన్స్‌ను మాత్రమే తెచ్చుకుంటే మిగిలేది దించిన చేతులే. పాదాల పని ఎంత వేరుగా నేర్చుకోవచ్చో తెలియాలంటే 2008, 2012 ఒలింపిక్స్ రెండింటిలోనూ స్వర్ణం గెలిచిన వసిల్ లోమచెంకోను చూడండి; ఆయన తండ్రి, కోచ్ అయిన అనతోలీ ఆయనను బాల్యంలో కొంతకాలం బాక్సింగ్ మాన్పించి ఉక్రెయిన్ సంప్రదాయ నృత్యం నేర్పించాడు.

సాధన విషయంలో నా సలహా కొంత విసుగు పుట్టించేదే. కొన్నాళ్లు వేలాడదీసిన హెవీ బ్యాగ్‌ను బలంగా కొట్టడం తగ్గించండి. బ్యాగ్ మీ తూలుడును దాచిపెడుతుంది: మీరు ముందుకు ఒరిగినా అది ఎదురు నిలబడి మిమ్మల్ని పట్టుకుంటుంది, కనుక తప్పు ఉన్నట్టే తెలియదు. గాలిలో పంచ్‌లు వేసే షాడో బాక్సింగ్‌లో పట్టుకునేది ఏదీ ఉండదు. నేల మీద టేపుతో గీత అంటించి, దానికి ఇరువైపులా స్టాన్స్ తీసుకుని, సగం వేగంతో క్రాస్ వేసి, చేయి చాచిన స్థితిలోనే ఆగి కిందికి చూడండి. వెనక వేళ్లు ఎక్కడ ఉన్నాయో, ముందు మోకాలు ఎంత జారిందో అక్కడే కనిపిస్తుంది. తోటివారు ఎవరైనా ఉంటే ఆ ఆగిన స్థితిలో మీ భుజాన్ని వేళ్లతో మెల్లగా నెట్టమనండి. కదలకుండా నిలబడగలిగితే వేగం కాస్త పెంచండి. మూడు నిమిషాల రౌండు చివరి అరనిమిషంలో, అలసిపోయాక కూడా పాదాలు గీతకు ఇరువైపులా ఉంటున్నాయంటే బ్యాగ్ దగ్గరకు తిరిగి వెళ్లవచ్చు.

మీరు పరుగు కోసం వాడే మందపాటి అట్టల బూట్లతో సాధన చేస్తున్నట్లయితే వాటిని ముందు మార్చండి. ఎత్తైన మెత్తటి మడమ మిమ్మల్ని ముందుకు ఒరిగేలా చేస్తుంది, నేలను గట్టిగా పట్టుకునే అట్ట పాదాన్ని తిరగనివ్వదు. బాక్సింగ్ బూట్లు లేకపోతే పలుచని, చదునైన అట్ట ఉన్న ఏ బూట్లయినా సరిపోతాయి.