ఈస్టర్‌ని ఇంట్లో చిన్నపిల్లలతో ఎలా చేసుకోవాలి?

నాలుగేళ్ల పాపకి సిలువ సంగతి చెబితే భయపడుతుందేమో, ఈస్టర్‌కి గుడ్లు, చాక్లెట్లతో సరిపెట్టేద్దామా అని అడిగారు. సరిపెట్టకండి, చెప్పండి. మాది గుంటూరండీ. మా అమ్మాయికి ఆ వయసు నుంచే చెబుతున్నాం. కాకపోతే మేకుల దగ్గర, రక్తం దగ్గర కథ ఆపకూడదు. గుడ్ ఫ్రైడే రాత్రి "యేసయ్య ఆదివారం లేస్తాడు" అన్న మాట విన్నాకే పాప పడుకోవాలి. సిలువ మీద యేసయ్య పలికిన ఏడు మాటల మీద ఆ రోజు చర్చిలో జరిగే ఆరాధన గంటల తరబడి సాగుతుంది, పసిపిల్లని అంతసేపు కూర్చోబెట్టక్కర్లేదు.

మా ఇంట్లో చేసే పని ఒకటి చెబుతాను. ఈస్టర్‌కి ముందు ఆదివారం, అంటే మట్టల ఆదివారం, చర్చి నుంచి రాగానే వెడల్పాటి పళ్లెంలో మట్టి పోసి, చిన్న ముంతని పడుకోబెట్టి సగం దాకా కప్పుతాం. అదే యేసయ్య సమాధి. చుట్టూ నానబెట్టిన మెంతులు చల్లడం, రోజూ నీళ్లు చిలకరించడం మా అమ్మాయి పని. మన ఎండలకి ఆదివారానికల్లా పచ్చగా మొలిచి తోటలా ఉంటుంది. శుక్రవారం సాయంత్రం తెల్లగుడ్డ చుట్టగా చుట్టి ముంతలో పెట్టి, మూతికి గుండ్రాయి అడ్డం పెడతాం. శనివారం రాత్రి తను నిద్రపోయాక గుడ్డ విప్పి, నీటుగా మడతపెట్టి మళ్లీ అక్కడే ఉంచుతాను. ఖాళీ సమాధిలో యేసయ్య తల రుమాలు వేరుగా చుట్టిపెట్టి ఉందని యోహాను సువార్త 20వ అధ్యాయంలో ఉంది కదా, అందుకే ఆ మడత మీద నాకంత పట్టింపు. పొద్దున్నే రాయి తనే దొర్లించాలి. పెద్దవాళ్లు చెయ్యి వెయ్యకండి.

మీరు అడగలేదు గానీ, సమాధుల దగ్గరికి కూడా తీసుకెళ్లండి. శనివారమే మా అత్తగారి సమాధికి సున్నం వేసి వస్తాం. ఈస్టర్ తెల్లవారుజామున చీకట్లో ఎటు చూసినా కొవ్వొత్తులే, పిల్లలు అసలు భయపడరు. మల్లెపూలు పెడుతూ మా అమ్మాయి "మామ్మని కూడా యేసయ్య లేపుతాడా?" అంది. లేపుతాడమ్మా అన్నాం. మేం నమ్మేది అదే, పిల్లకి వేరేగా ఎందుకు చెబుతాం? కొవ్వొత్తుల మధ్య తిరుగుతారు కాబట్టి ఆ పూటకి నైలాన్ గౌను వద్దు, నూలు గౌను వెయ్యండి.

గుడ్లు సరదాకే. ఉల్లిపొట్టు వేసి ఉడికిస్తే ఎర్రమట్టి రంగు, పసుపు వేస్తే పసుపురంగు వస్తాయి. మధ్యాహ్నం అవే పులుసులోకి. చాక్లెట్లు మన ఎండకి దాచిన చోటే కరిగిపోతాయి.

తేదీ మాత్రం ముందే చూసుకోండి, మార్చి 22 నుంచి ఏప్రిల్ 25 లోపు ఎప్పుడైనా రావచ్చు. 2027లో మార్చి 28న వస్తుంది. అంటే మట్టల ఆదివారం 21న, మెంతులు 20 రాత్రే నానబెట్టుకోవాలి.