పార్టీ అధ్యక్షుడు రాజీనామా చేస్తే, కొత్త అధ్యక్షుణ్ని ఎన్నుకునే ఓటు మామూలు కార్యకర్తకి ఉంటుందా?

కాంగ్రెస్‌లో ఉండదు, శ్రీకాకుళంలో సభ్యత్వం తీసుకున్న కార్యకర్త ఎవరైనా జాతీయ అధ్యక్షుడి ఎన్నికలో నేరుగా ఓటు వేయలేరు. ఆ ఓటు రాష్ట్ర కాంగ్రెస్ కమిటీ, అంటే పీసీసీ ప్రతినిధులది. వీళ్లు ప్రధానంగా బ్లాక్ కమిటీల నుంచి, అంటే జిల్లా కమిటీకి కింద ఉండే పార్టీ కమిటీల నుంచి వస్తారు కాబట్టి, టెక్కలిలోనో పలాసలోనో కార్యకర్త గట్టిగా అడగాల్సింది బ్లాక్ స్థాయిలోనే. అక్కడ ఎన్నిక పేరుకు మాత్రమే జరిగితే పైన అతని మాటకు చోటే లేనట్టు. నా దృష్టిలో అసలు లోపం అదే.

2019లో రాహుల్ గాంధీ అధ్యక్ష పదవికి రాజీనామా చేశాక సోనియా గాంధీ తాత్కాలిక అధ్యక్షురాలయ్యారు. ఎన్నిక 2022 అక్టోబర్‌లో గానీ జరగలేదు. మల్లికార్జున ఖర్గేకి 7,897 ఓట్లు, శశి థరూర్‌కి 1,072 వచ్చాయి. పోటీ చేయాలంటే పది మంది ప్రతినిధులు ప్రతిపాదించాలి. బరిలో ఒక్కరే మిగిలితే ఓటింగే ఉండదు.

దీన్ని ఎన్నికల సంఘం నిర్వహిస్తుందని చాలామంది అనుకుంటారు. కాదు, పార్టీ సొంత ఎన్నికల విభాగమే నిర్వహిస్తుంది. కొత్త అధ్యక్షుడి పేరు మాత్రం ఎన్నికల సంఘానికి తెలియజేయాలి.