మధుమేహంలో కిడ్నీ దెబ్బతింటే జన్యువులు మారిపోయినట్టేనా?

కాదు, టైప్ 2 మధుమేహంలో జన్యువుల రాత అలాగే ఉంటుంది, కిడ్నీ కణాల్లో వాటిలో కొన్ని పనిచేసే తీరే మారుతుంది. ఏళ్ల తరబడి చక్కెర ఎక్కువగా ఉంటే డీఎన్‌ఏపై ఉండే రసాయన గుర్తులు మారి, కొన్ని జన్యువులు అతిగా పనిచేస్తాయి, కొన్ని మందగిస్తాయి.

ఉదాహరణకు టీజీఎఫ్-బీటా. గాయం మానడానికి కావలసిన ప్రోటీనే ఇది. దాని జన్యువు అదుపు లేకుండా పనిచేస్తే మాత్రం, రక్తాన్ని వడకట్టే సన్నని జల్లెడల్లో కొల్లాజెన్ అనే పీచులాంటి ప్రోటీన్ పేరుకుని అవి గట్టిపడతాయి. జల్లెడ పాడైతే రక్తంలో ఉండాల్సిన అల్బుమిన్ అనే ప్రోటీన్ మూత్రంలోకి జారుతుంది. మూత్ర పరీక్షలో అది గ్రాము క్రియాటినిన్‌కు (మూత్రంలో పోయే ఒక వ్యర్థ పదార్థం) 30 మిల్లీగ్రాములు దాటి, మళ్లీ పరీక్షించినా తగ్గకపోతే కిడ్నీ దెబ్బతిందేమోనని అనుమానించాల్సిందే.

‘నాన్నకు వచ్చింది, నాకూ తప్పదు’ అనుకోవడం పొరపాటు. వంశపారంపర్యంగా వచ్చేది ముప్పే, జబ్బు కాదు. అలాగని చక్కెర తగ్గగానే అన్నీ సర్దుకోవు: డీఎన్‌ఏపై మారిన ఆ గుర్తుల్లో కొన్ని చాలాకాలం చెరగవు.