హెడ్ ప్యాకింగ్ మార్చినా కూలెంట్ తగ్గుతోంది!

ప్రశ్న: నాది పాత 800 సీసీ ఆల్టో. ఎండాకాలంలో హైవే మీద బాగా వేడెక్కి ఆగిపోతే, మా ఊరి మెకానిక్ హెడ్ ప్యాకింగ్ (ఇంజిన్ పైభాగమైన హెడ్‌కూ, కింది బ్లాక్‌కూ మధ్య ఉండే గాస్కెట్) మార్చాడు. రెండు నెలలకే మళ్లీ కూలెంట్ తగ్గుతోంది. సైలెన్సర్ నుంచి తెల్లపొగ ఆగట్లేదు. ఇంజిన్ దించాలంటున్నాడు. నిజమేనా?
– ఒక పాఠకుడు, కోదాడ

జవాబు: ఇంజిన్ దించే మాట తర్వాత చూద్దాం. పోయినసారి హెడ్ విప్పినప్పుడు స్కేల్ పెట్టి చూశాడా అని అడగండి. చూడలేదనే నా అనుమానం. మీ ఇంజిన్‌కు హెడ్ అల్యూమినియంది. ఒకసారి బాగా కాగితే వంగుతుంది. వంగిన హెడ్ కింద కొత్త ప్యాకింగ్ వేస్తే రెండు నెలలు ఆగడమే ఎక్కువ.

వంకర లేని స్టీల్ స్కేల్‌ను హెడ్ మీద నిలువుగా, అడ్డంగా, మూల నుంచి మూలకు ఆనించి కింద ఫీలర్ గేజ్ (సందు కొలిచే పల్చటి రేకుల సెట్) దూర్చి చూడాలి. 0.05 మిల్లీమీటర్ల రేకు దూరిపోయిందంటే లేత్‌కు పంపి ఫేసింగ్ (ఉపరితలాన్ని చదును చేయడం) చేయించాల్సిందే. పనిలో పనిగా పగుళ్లకు ప్రెషర్ టెస్ట్ కూడా. బ్లాక్ పైభాగాన్నీ అలాగే చూడాలి. పాత ప్యాకింగ్ ముక్కల్ని గ్రైండర్ డిస్క్‌తో గీకేవాళ్లను చూస్తే నాకు బీపీ పెరుగుతుంది. అల్యూమినియం మీద గుంటలు పడతాయి, ఆ పొడి ఆయిల్‌లోకి దిగి బేరింగులు తినేస్తుంది.

బోల్టు రంధ్రాల్లో నీళ్లు, ఆయిల్ ఉంటే గాలి కొట్టి ఆరబెట్టాలి. లేకపోతే బిగించేటప్పుడు బ్లాక్ పగిలే ప్రమాదం ఉంది. బిగింపు మధ్య నుంచి బయటికి, రెండు మూడు విడతల్లో, మాన్యువల్‌లో ఉన్న టార్క్‌కే (బోల్టు తిప్పే బలం; దాన్ని కొలిచి బిగించేదే టార్క్ రెంచ్). ‘నా చెయ్యే టార్క్ రెంచ్’ అనే మెకానిక్‌కు ఈ పని ఇవ్వకండి. హెడ్ ప్యాకింగ్‌కు గమ్ (లీకులు ఆపే సీలెంట్) పూయనివ్వకండి, అది టాపెట్ కవర్ (హెడ్ పై మూత) మూలలకు, సంప్‌కు (అడుగున ఉండే ఆయిల్ తొట్టి) సరే.

అసలు బండి ఎందుకు కాగింది? ఫ్యాన్ తిరుగుతోందా, థర్మోస్టాట్ (ఇంజిన్ వేడెక్కాక కూలెంట్‌ను రేడియేటర్‌కు వదిలే వాల్వు) తెరుచుకుంటోందా, రేడియేటర్ మూసుకుపోయిందా, వాటర్ పంప్ కారుతోందా? ఇవి తేలకుండా హెడ్ మూయొద్దు.

విప్పే ముందు ఒక పరీక్ష. పొద్దున్నే చల్లటి ఇంజిన్‌కు రేడియేటర్ మూత తీసి స్టార్ట్ చేయించండి (వేడి మీద మాత్రం ముట్టుకోవద్దు). మొదట్లో నాలుగు బుడగలు మామూలే. ఆగకుండా వస్తుంటే సిలిండర్ గ్యాస్ నీళ్లలోకి వస్తోందన్నమాట. డిప్‌స్టిక్ (ఆయిల్ మట్టం చూసే కడ్డీ) మీద ఆయిల్ పాలకాఫీ రంగులో కనిపిస్తే అందులో కూలెంట్ కలిసిందన్నమాట, ఇక బండి నడపకండి, టో చేయించండి.